మెట్ల మీద ఒంటి చెప్పులు

ఆ స్టేషన్‌లో రోజుకు మూడు వందల సార్లు మాట్లాడే మనిషి ఇప్పుడు ఆ స్టేషన్‌లో లేదు. గొంతు మాత్రం ఉంది. "దయచేసి గమనించండి" అని మొదలుపెట్టి, ఏ బండి ఏ ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుందో, ఎన్ని నిమిషాలు ఆలస్యమో తెల్లవారుజాము నుంచి చెబుతూనే ఉంటుంది. ఆ గొంతు గల మనిషి స్టేషన్ వెనక సందులో, రెండు గదుల ఇంట్లో, పొయ్యి ముందు నిలబడి ఆ మాటలన్నీ వింటూ ఉంటుంది. వినకూడదనుకున్నా తప్పదు. కిటికీ మూస్తే ఉక్కపోత, తెరిస్తే తన గొంతు.

ఆమెను అందరూ మైకమ్మ అంటారు. ఇరవై ఏడేళ్ళు మైకు ముందు కూర్చుంటే మనిషికి అంతకంటే మంచి పేరు ఎలా వస్తుంది? పోయిన మొగుడు కూడా అలాగే పిలిచేవాడు. "ఊరంతటికీ అంత మర్యాదగా చెబుతావు, నా దగ్గరికొచ్చేసరికి ఆ దయచేసి ఎటు పోతుందే?" అని వేళాకోళం చేసేవాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఇంట్లో ఇప్పుడు ఆమె, కూతురు, అంతే. కూతురు నగరంలో కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది, సాయంత్రం ఆరు పది బండికి దిగుతుంది.

అసలు అది స్టేషన్ కావాలని పుట్టలేదు. చుట్టుపక్కల ఇటుక బట్టీలు ఉన్న కాలంలో, ఇటుకలు ఎక్కించుకోవడానికి బళ్ళు కాసేపు ఆగే చోటు. మట్టి దిబ్బే ప్లాట్‌ఫామ్, రేకుల డబ్బాయే టికెట్ల గది. తర్వాత బట్టీల నేలలో ఇళ్ళు లేచాయి, ఇళ్ళలోవాళ్ళు నగరానికి ఉద్యోగాలకు పోవడం మొదలుపెట్టారు, వాళ్ళ కోసం బళ్ళు పెరిగాయి. రెండో ప్లాట్‌ఫామ్ వచ్చింది. రెండిటినీ కలుపుతూ ఇనుప వంతెన వేశారు, మెట్లు ఏడడుగుల వెడల్పు. మూడు, నాలుగు ప్లాట్‌ఫామ్‌లు వచ్చినప్పుడు వంతెనను అటువైపు పొడిగించారు గాని వెడల్పు చెయ్యలేదు. పొడవు పెంచితే ఫొటోలో పడుతుంది, వెడల్పు పెంచితే ఎవరికి కనబడుతుంది? ఇప్పుడక్కడ టికెట్లకు ఆరు కిటికీలున్నాయి, చల్లటి నీళ్ళ కుళాయిలున్నాయి, చూపు లేనివాళ్ళు నడవడానికి నేల మీద గరుకు పలకలున్నాయి. రోజుకు అరవై వేల మంది వచ్చిపోతారు. బయటికి పోయే గేటు మాత్రం ఒకటో ప్లాట్‌ఫామ్ వైపే. నాలుగో దాని మీద దిగినవాళ్ళు ఇల్లు చేరాలంటే ఆ ఏడడుగుల మెట్లు దిగాల్సిందే.

మైకమ్మ ఉద్యోగంలో చేరిన రోజున పాత స్టేషన్ మాస్టరు ఆమెకు ముందుగా మైకు చూపించలేదు. ఆ గదిలో ఉన్న కిటికీ చూపించాడు. అందులోంచి ఒకటో ప్లాట్‌ఫామ్ మెట్లు కిందినుంచి పైదాకా కనబడేవి.

"ముందు ఇందులోంచి చూడమ్మా. తర్వాత నోరు తెరువు," అన్నాడు.

"బండి సంగతి చెప్పడానికి మెట్లతో పనేంటి సార్?"

ఆయన పొడి పొడిగా మాట్లాడే మనిషి. ఆ రోజు మాత్రం కుర్చీ లాక్కుని కూర్చుని వివరంగా చెప్పాడు. సాయంత్రం నగరం బండి నాలుగో ప్లాట్‌ఫామ్ మీద ఖాళీ అవుతుంది. వెయ్యి మంది వంతెన ఎక్కి ఒకటో దాని వైపు దిగుతుంటారు. సరిగ్గా అప్పుడే ఒకటో దాని మీద ఇంకో వెయ్యి మంది ఆరు పదిహేను బండి కోసం నిలబడి ఉంటారు. ఆ బండి ఒకటికి కాదు, మూడుకు వస్తోందని మైకులో అన్నామంటే ఈ వెయ్యి మందీ ఎగబడి మెట్లెక్కుతారు. ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు మెట్ల మధ్యలో ఉన్న చప్టా దగ్గర ఎదురుపడతారు. వెనకవాళ్ళకు ముందు ఏం జరుగుతోందో తెలియదు, తోస్తూనే ఉంటారు.

"నువ్వు పుట్టక ముందు ఒకసారి అలా అయింది. వాన పడుతోంది. మైకులో చెప్పింది నేనే," అన్నాడాయన. "మర్నాడు పొద్దున మెట్లు కడిగించాను. నలభై మూడు చెప్పులు దొరికాయి. ఒక్కదానికీ జత లేదు."

మనుషులు ఎందరు పోయారో ఆయన చెప్పలేదు. మైకమ్మ అడగలేదు.

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఇంకొక మాట అన్నాడు. "మామూలుగా చెప్పు జారితే ఎవరైనా వంగి తీసుకుంటారు. తీసుకోకుండా పోయారంటే, వంగే జాగా లేదన్నమాట. మెట్ల మీద ఒంటి చెప్పులు దొరకడం మొదలైతే తేలిగ్గా తీసుకోకు."

అప్పటినుంచి అది ఆ స్టేషన్ పద్ధతి. ఏ పుస్తకంలోనూ లేదు, ఏ కాగితం మీదా లేదు. ప్లాట్‌ఫామ్ మార్చాల్సి వస్తే మైకమ్మ ముందు కిటికీలోంచి చూసేది. మెట్లు నిండుగా ఉంటే ఫోనెత్తి "నిండుగా ఉన్నాయి సార్" అనేది. మాస్టరు రాబోయే బండిని సిగ్నల్ అవతల రెండు నిమిషాలు నిలబెట్టేవాడు. ఆఖరి మనిషి మెట్టు దిగేదాకా చూసి, అప్పుడు ఆమె మైకు నొక్కి గొంతు సవరించుకునేది. ఆ గొంతు సవరింపు ప్లాట్‌ఫామ్ అంతటికీ తెలుసు. రోజూ తిరిగేవాళ్ళు అది వినగానే పేపరు మడిచేసేవాళ్ళు, సంచీ భుజానికి తగిలించుకునేవాళ్ళు. బండి రెండు నిమిషాలు ఆగిందని తిట్టుకునేవాళ్ళు కూడా. ఎందుకాగిందో ఒక్కరికీ తెలియదు. తెలియకుండా జరగడమే ఆ పనిలో ఉన్న గొప్ప. ఇరవై ఏడేళ్ళపాటు ఆ మెట్ల మీద ఎవరికీ ఏమీ కాలేదు.

తర్వాత మిషను వచ్చింది.

పెద్దాఫీసు నుంచి పిలుపు వచ్చినప్పుడు మైకమ్మ మురిసిపోయిన మాట నిజం. అన్ని స్టేషన్లవాళ్ళ గొంతులూ విని ఆమె గొంతు ఎంచుకున్నారట. గోడలకు స్పాంజి అంటించిన గదిలో మూడు రోజులు కూర్చోబెట్టి చదివించారు. సున్నా నుంచి తొంభై తొమ్మిది దాకా అంకెలు, స్టేషన్ల పేర్లు, ప్లాట్‌ఫామ్, ఆలస్యంగా, రద్దయినది, దయచేసి, గమనించండి, రండి, వెళ్ళండి. రికార్డింగు అతను చెవులకు డిప్పలు తగిలించుకుని అద్దం అవతల కూర్చున్నాడు. "ఆ గొంతు సవరించుకోవడం వద్దు మేడమ్, అది తీసేస్తాం. నవ్వు కూడా వద్దు," అన్నాడు.

మూడో రోజు సాయంత్రం ఆమె జాబితా మొత్తం ఇంకోసారి తిరగేసింది.

"ఇందులో ఆగండి అన్న మాట లేదేంటి బాబూ?"

"స్టేషన్‌లో ఆగమని ఎవరికి చెబుతాం మేడమ్?" అని నవ్వాడతను. "అయినా లిస్టు నాది కాదు. పైనుంచి వచ్చింది."

ఆమె కూడా నవ్వి సంతకం పెట్టేసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ తన మీద తనకే ఒళ్ళు మండుతుంది. అంతా తెలిసిన మనిషి, కిటికీ దగ్గర అన్నేళ్ళు కూర్చున్న మనిషి, ఆ ఒక్క మాట రికార్డు చెయ్యకపోతే లేవనని మొండికెయ్యాల్సింది. కొత్త చీర కట్టుకొచ్చాం, మెచ్చుకుంటున్నారు అన్న సంబరంలో ఊరుకుంది.

మిషనుకు కిటికీ లేదు. పట్టాలు మారగానే దానికి తెలుస్తుంది, తెలియగానే చెప్పేస్తుంది. మైకమ్మను మైకు గదిలోంచి తీసి, పోయిన వస్తువుల గదిలో వేశారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, పుస్తకాలు, ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు. అవి లేకుండా ఆ మనిషి ఇంటికెలా పోయాడో, ఏం తిన్నాడో అని ఆ రోజంతా నవ్వుకుంది.

ప్లాట్‌ఫామ్‌లు ఊడ్చే ఆమె, మైకమ్మ ఒకరినొకరు వదినా అని పిలుచుకునేవాళ్ళు. మిషను పెట్టిన రెండో నెలలో ఒక పొద్దున ఊడ్చే ఆమె వచ్చి కౌంటరు మీద ఒక చెప్పు పెట్టింది. నల్లది, ఆడవాళ్ళది, ఎడమకాలిది.

"మెట్ల మీద దొరికింది వదినా."

"జత ఏది?"

"అదొక్కటే."

మైకమ్మ చెయ్యి దాన్ని ముట్టుకోలేదు. "ఏ మెట్ల మీద?" అంది.

"ఒకటో నంబరువి. మధ్యలో చప్టా ఉంది చూడు, అక్కడ."

రిజిస్టరులో రాసుకుంది. నెలలో ఇంకో రెండు వచ్చాయి. వానలు మొదలయ్యాక వారానికి మూడు, నాలుగు. ఒక సోమవారం ఏకంగా ఏడు. నగరం వైపు పట్టాల పని జరుగుతుండడంతో ప్లాట్‌ఫామ్‌లు మార్చడం ఎక్కువైంది, మారిన ప్రతిసారీ మర్నాడు పొద్దున ఊడ్చే ఆమె చేతిలో చెప్పులుండేవి. మగవి, ఆడవి, ఒకటి పిల్లది కూడా, వేలెడంత. ఎవ్వరూ తిరిగి అడగలేదు. ఒంటి చెప్పు కోసం ఎవరొస్తారు? అటక మీద వరసగా పేర్చింది. గదిలోకి వచ్చినవాళ్ళు చూసి "చెప్పుల షాపు పెట్టావా మైకమ్మా?" అని వెక్కిరించేవాళ్ళు. ఆమె మాత్రం రోజూ లెక్కపెట్టేది. ఇరవై ఆరు అయినప్పుడు ఇక ఉండబట్టలేక స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్ళింది.

ఆయన కొత్తవాడు, ఆమె కంటే ఇరవై ఏళ్ళు చిన్న. చెడ్డవాడేం కాదు. గోడ మీద బోర్డులో ఏ బండి ఎన్ని నిమిషాలు ఆలస్యమైందో ఎర్ర అంకెల్లో పడుతుంటుంది, ఆ అంకెలకు పైవాళ్ళకు జవాబు చెప్పుకోవాల్సినవాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఆంటీ, బండిని రెండు నిమిషాలు ఎందుకు నిలబెట్టావని అడిగితే ఏమని రాయను? మెట్ల మీద చెప్పులు దొరికాయని రాయనా?"

"రాయండి బాబూ. నలభై మూడు దాకా రాకముందే రాయండి."

"ఇప్పటివరకు ఎవరికైనా దెబ్బ తగిలిందా?"

"లేదు."

"మరి?"

జరిగినదాన్ని చూపించవచ్చు, జరగనిదాన్ని ఎలా చూపిస్తాం? పాత మాస్టరైనా ఉంటే సాక్ష్యం చెప్పేవాడు, ఆయన పోయి చాలా కాలమైంది. మిషనులో కనీసం ఆగండి అన్న మాటైనా చేర్పించమంది. పెద్దాఫీసుకు రాస్తానన్నాడు. నిజంగానే రాశాడు కూడా. అటునుంచి జవాబు రాలేదు.

ఆ సంవత్సరమే ఆమె రిటైరయింది. వెళ్ళేరోజు సరదాకని మిషను చేత ఆమె గొంతుతోనే "ధన్యవాదాలు" చెప్పించారు. అందరూ చప్పట్లు కొట్టారు. తన గొంతు తనకే వీడ్కోలు చెబుతుంటే మైకమ్మ మాత్రం స్పీకరు వైపు చూస్తూ నిలబడింది. చిన్న మాస్టరుకు అటక మీది చెప్పులు చూపించి, "ఇవి పారెయ్యకండి," అని చెప్పి ఇంటికి వచ్చేసింది. వారం తిరక్కుండా పారేశారని ఊడ్చే ఆమె తర్వాత చెప్పింది.

ఇంటి దగ్గర ఆమెకు ఒక కొత్త జబ్బు పట్టుకుంది. ఆరు దాటాక ఏ పనీ చేతికి రాదు. ఆరు పదికి బండి చప్పుడు వింటుంది. ఆ వెంటనే మైకులో "దయచేసి గమనించండి" అని వినబడితే చేతిలోది అక్కడే పెట్టేసి, ఏ ప్లాట్‌ఫామ్ అంటుందోనని వింటూ నిలబడుతుంది. మామూలు మాటైతే స్టవ్ వెలిగిస్తుంది. ప్లాట్‌ఫామ్ మార్పు అయితే కూతురు గుమ్మంలోకి వచ్చేదాకా అలాగే ఉండిపోతుంది. తన గొంతే తన పిల్లను ఆ మెట్ల మీద తొక్కిడిలోకి తోస్తుంటే, ఇక్కడ కూర్చుని తన నోరు తాను మూసుకోలేకపోవడం కన్నా నరకం ఉంటుందా?

"బండి దిగాక ఓ పావుగంట బల్ల మీద కూర్చుని రావే అమ్మడూ," అని బతిమాలేది.

"పొద్దున్నుంచీ నిలబడి నిలబడి కాళ్ళు పీకేస్తుంటాయి, ఇంకా స్టేషన్‌లో కూర్చోమంటావేంటమ్మా?" అనేది కూతురు. అదీ నిజమే.

ఒక మంగళవారం మైకు ప్లాట్‌ఫామ్ మార్పు చెప్పింది. కూతురు రోజూ వచ్చే వేళకంటే పది నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. గుమ్మంలో నిలబడి తడిసిన జుట్టు వెనక్కి తోసుకుంటూ నవ్వింది.

"చూడు నా అవతారం. చెప్పు పోయింది."

మైకమ్మ కిందికి చూసింది. కుడికాలికి చెప్పు ఉంది. ఎడమ పాదం బురదలో, వేళ్ళ మీద ఎవరో తొక్కిన ఎర్రటి గీత.

"మెట్ల మీదేనా?"

"ఆ. చప్టా దగ్గర ఊడింది. వంగుదామంటే..." కూతురు నవ్వు సగంలో ఆగిపోయింది. "వంగడానికి రాలేదమ్మా. కాసేపు నా కాళ్ళు నేల మీద లేవు. జనమే నన్ను ఎత్తుకుని దించారు. ఎందుకలా చూస్తున్నావు? ఏం కాలేదుగా."

మైకమ్మ కూతుర్ని కూర్చోబెట్టి, గిన్నెలో వేడినీళ్ళు తెచ్చి కాలు కడిగింది. కడుగుతూనే ఏడ్చింది.

మర్నాడు వాన. సాయంత్రం అయిదున్నరకే గొడుగు పట్టుకుని, ప్లాట్‌ఫామ్ టికెట్ కొనుక్కుని, ఒకటో నంబరు మెట్ల దగ్గర నిలబడింది. పైకప్పు కారుతుండడం వల్ల జనమంతా మెట్ల కిందికి, మెట్ల ముందుకు చేరారు. అడుగు పెట్టే సందు లేదు. నగరం బండి ఆరు పద్నాలుగుకు వచ్చింది, నాలుగు నిమిషాలు ఆలస్యం. పైన వంతెన రేకుల మీద పాదాల చప్పుడు మొదలైంది. మొదటివాళ్ళు మలుపు తిరిగి దిగడం ఆమెకు కనబడింది. వాళ్ళ వెనక మెట్లు కనబడటం లేదు, తలలే.

అప్పుడు మైకు పలికింది.

"దయచేసి గమనించండి. ఒకటో నంబరు ప్లాట్‌ఫామ్ మీదికి రావలసిన బండి మూడో నంబరు ప్లాట్‌ఫామ్ మీదికి వస్తుంది."

జనం ఒక్కసారిగా తిరిగారు. గొడుగులు మూశారు, సంచులు భుజాలకెక్కించారు. మైకమ్మ గొడుగు వదిలేసి, కమ్మీ పట్టుకుని నాలుగు మెట్లెక్కి, వాళ్ళ వైపు తిరిగి అడ్డంగా నిలబడింది. ఆమె ఎన్నడూ అరిచి ఎరగదు, ఇప్పుడూ అరవలేదు. గొంతు సవరించుకుని, మైకులో మాట్లాడినట్టే, నిదానంగా, స్పష్టంగా అంది:

"దయచేసి ఆగండి. మెట్ల మీద జనం దిగేవరకు ఎవరూ ఎక్కకండి."

ముందు వరసలోవాళ్ళు ఆగారు. ఆగి, ఆమె వైపు చూడలేదు, తలలెత్తి పైన వేలాడుతున్న స్పీకరు వైపు చూశారు. అన్నేళ్ళుగా తాము వింటున్న గొంతే కదా. వెనకనుంచి తోపు వచ్చింది. ముందువాళ్ళలో ఒకాయన వెనక్కి తిరిగి, "ఆగమంటున్నారు, వినబడట్లేదా?" అని కసిరాడు. ఆమె మళ్ళీ అంది. మళ్ళీ మళ్ళీ అంది. ఆమె వీపును రాసుకుంటూ పైనుంచి దిగేవాళ్ళు దిగుతూనే ఉన్నారు. ఒకరి మోచెయ్యి పక్కలో పొడుచుకుంది, కమ్మీ వదల్లేదు. స్పీకరు ఇంకోసారి బండి మూడో నంబరుకు వస్తుందని చెప్పింది. జనం కదిలారు. "ఆగండి" అంది ఆమె. ఆగారు.

కూతురు చప్టా దాటి దిగుతూ తల్లిని చూసింది. రెండు కాళ్ళకూ చెప్పులున్నాయి.

"అమ్మా! నీ గొంతు పైనుంచీ కిందినుంచీ వినిపిస్తుంటే ఏది వినాలో తెలియక మేమంతా మెల్లగా దిగాం."

"నువ్వు దిగు ముందు. గేటు దగ్గర నిలబడు," అంది మైకమ్మ. ఆమె కళ్ళు కూతురి మీద లేవు, కూతురి వెనకాల ఇంకా ఎందరున్నారో చూస్తున్నాయి.

మెట్లు ఖాళీ అయ్యేసరికి మూడో ప్లాట్‌ఫామ్ మీది బండి వచ్చి వెళ్ళిపోయింది. ఎక్కలేకపోయినవాళ్ళు ఊరుకుంటారా? "ఎవరమ్మా నువ్వు? ఏం జరిగిందని ఆపావు?" అని మీదికొచ్చారు. ఏమీ జరగలేదు. ఆ మాటే చెప్పింది, వాళ్ళకది జవాబుగా తోచలేదు. చిన్న మాస్టరు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"ఆంటీ, మీరు రిటైరయ్యారు. ఇలా అనౌన్స్ చెయ్యకూడదు."

"మైకు ముట్టుకోలేదు బాబూ. నా నోటితో నేను మాట్లాడాను."

ఆయన ఖాళీ మెట్ల వైపు చూశాడు. చీపురుతో పైకి వెళ్ళిన ఊడ్చే ఆమె దిగివస్తూ రెండు చేతులూ విప్పి చూపించింది. ఒక్క చెప్పు కూడా లేదు. ఆ ఉత్త చేతుల్ని ఆయన ఏ కాగితం మీద రాసుకుంటాడు?

"ఎన్నాళ్ళని నిలబడతారు?" అన్నాడు, కోపం తగ్గిన గొంతుతో. "రోజూ వస్తారా? మీకు జ్వరం వస్తేనో?"

మైకమ్మ జవాబు చెప్పబోయింది. మాట బొంగురుగా వచ్చింది. తడిసినందుకో, అన్నిసార్లు చెప్పినందుకో, సగం గాలే వచ్చింది. భయంతో చేత్తో గొంతు పట్టుకుంది. పైన వేలాడే గొంతుకు జలుబు చెయ్యదు, వయసు రాదు. ఈ గొంతు ఇలాగే పాడైతే రేపో ఎల్లుండో ఇది ఎవరి గొంతో జనం గుర్తుపట్టరు. దారికి అడ్డంగా నిలబడ్డ ఒక ముసలామె అనుకుని పక్కకు నెట్టేస్తారు.

గేటు దగ్గరనుంచి కూతురు "పద అమ్మా, ఇంటికి పోదాం" అని పిలిచింది.

"నువ్వు పోయి అన్నం వండు. ఆరు నలభైకి ఇంకో రెండు బళ్ళున్నాయి," అంది.

మెట్లు దిగలేదు. కింద మళ్ళీ జనం చేరుతున్నారు. ఆమె గొంతు సవరించుకుని చూసుకుంది. బల్ల మీద కూర్చున్న పాత ప్రయాణికుడొకాయన ఆ చప్పుడు విని, చేతిలో పేపరు మడిచి స్పీకరు వైపు చూశాడు.